సౌదీ కొండల్లోని చిన్న పట్టణానికి పాపతో సహా వెళ్లవచ్చా?

సౌదీ అరేబియాలోని అల్ నమాస్‌లో ఒక ఆసుపత్రిలో తన భర్తకు టెక్నీషియన్ ఉద్యోగం వచ్చిందని, ఐదేళ్ల పాపను తీసుకుని తానూ వెళ్లాలా లేక దేవరకొండలోనే అత్తగారింట ఉండాలా అని ఒక సోదరి అడిగారు. మాది నాగర్‌కర్నూల్. మావారి ఉద్యోగం వల్ల నేనూ మా బాబూ అల్ నమాస్ ఉన్న ఆ అసీర్ ప్రాంతపు కొండల్లోనే కొన్నేళ్లు కాపురం చేశాం. తప్పకుండా వెళ్లండి అనే నేను చెబుతాను. కాకపోతే ఆయన ముందు వెళ్లి, ఇఖామా (అక్కడ నివసించడానికిచ్చే అనుమతి కార్డు) చేతికి వచ్చి, ఇల్లు కుదిరాక మీరు బయలుదేరడం మంచిది.

సౌదీ అనగానే మన వైపు అందరూ ఇసుకనే ఊహించుకుంటారు. అల్ నమాస్ మాత్రం సరవాత్ పర్వతాల మీద, సముద్రమట్టానికి దాదాపు 2,400 మీటర్ల ఎత్తున ఉంటుంది. పడమటి వైపు కొండ నిటారుగా తిహామా మైదానంలోకి దిగిపోతుంది. ఎర్రసముద్రం వైపు నుంచి తేమ ఆ కొండ వెంట పైకెక్కి పొగమంచుగా కమ్ముకుంటుంది కాబట్టి కొన్ని రోజులు ఎదురింటి గేటు కూడా కనిపించదు. శీతకాలపు రాత్రుల్లో చలి సున్నా డిగ్రీల దగ్గరికి వెళ్తుంది. రూమ్ హీటరు, మందపాటి రగ్గులు అక్కడే కొనుక్కోవచ్చు గాని, ప్రెషర్ కుక్కరును, దానికి అదనపు గాస్కెట్లను ఇక్కడి నుంచే తీసుకెళ్లండి. అంత ఎత్తులో నీళ్లు 92 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో పెట్టిన కందిపప్పు గంట గడిచినా వేళ్ల మధ్య నలిపితే పలుకుగానే తగులుతుంది. తిహామాలో జొన్న పండిస్తారు కనుక జొన్నపిండికి ఇబ్బంది లేదు, మా ఇంట్లో రొట్టె మానలేదు. చింతపండు, ఎండుమిరప, పచ్చళ్లు మాత్రం అసీర్‌లోని పెద్ద పట్టణాలైన అభా, ఖమీస్ ముషైత్ వెళ్లినప్పుడే తెచ్చుకునేవాళ్లం. చెత్త సంచిని వాకిట్లో వదలకండి, పాప చేతిలో తినుబండారం పెట్టి బయటికి పంపకండి. అక్కడ కొండ కోతుల మందలు తిరుగుతుంటాయి, అవి మన ఊరి కోతుల కంటే చాలా పెద్దవి.

మీరు అడగని విషయం ఒకటి ఉంది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. జెద్దాలోనో రియాద్‌లోనో అయితే తెలుగువాళ్ల మధ్యనే ఉండి, అరబ్బీ ముక్క రాకుండా ఏళ్లు గడపవచ్చు. చిన్న పట్టణంలో అది సాగదు. మందుల షాపులో, రొట్టెల దుకాణంలో, పిల్లవాడికి రాత్రి జ్వరం వచ్చినప్పుడు, ఎక్కడైనా మాట్లాడవలసింది స్థానికులతోనే. పలకరింపులు, అంకెలు, జబ్బు లక్షణాలు చెప్పే మాటలు దేవరకొండలో ఉండగానే నేర్చుకోండి. మేము దిగిన వారంలోనే పక్కింటి పెద్దావిడ నన్ను ఆడవాళ్ల గదిలోకి పిలిచి, ఖర్జూరాలు పెట్టి, యాలకుల కాఫీ పోశారు. ఆ చిన్న కప్పును ఇక చాలన్నట్టు చేత్తో అటూ ఇటూ ఆడించే వరకు వాళ్లు పోస్తూనే ఉంటారు. ఆవిడే నా చేయి పట్టుకుని ఆ ఆడించడం నేర్పించారు. ఆ తరువాత మా బాబు ఆ ఇంటి పిల్లల వెంటే పెరిగాడు. మన పల్లెల్లో కొత్తగా కోడలు వచ్చిన ఇంటిని వాడకట్టంతా ఎలా గమనిస్తుందో అక్కడా మిమ్మల్ని అలాగే గమనిస్తారు. అది మొదట్లో బరువుగా ఉన్నా, ఆపదలో మనిషి తోడు అక్కడి నుంచే వస్తుంది.

ఇక ఖర్చు. కుటుంబాన్ని వెంట ఉంచుకునే ప్రవాసుల మీద 2017 జులైలో ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్లతో మొదలైన రుసుము 2020 నాటికి 400కు చేరింది. మీకూ పాపకూ కలిపి నెలకు 800. దానిని యజమాని భరిస్తారా, మీరే కట్టాలా అన్నది ఒప్పందంలో రాసి ఉండాలి, నోటిమాట పనికిరాదు. మన సిలబస్ చెప్పే బడులు పెద్ద పట్టణాల్లోనే ఉంటాయి. పాప చిన్న తరగతుల్లో ఉన్నంతకాలం ఇంట్లో చదివించుకోవచ్చు గాని, ఆ తరువాతి సంగతి ఇప్పుడే ఆలోచించుకోండి.

వీసా మీద మీ ఆయన వృత్తి ఏమని రాశారో మీ కళ్లతో చూడండి. 2021 మార్చి 14 నుంచి ప్రైవేటు రంగ ఉద్యోగులు ఏడాది పని చేశాక యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారవచ్చు, దేశం దాటి వెళ్లి రావడానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. ఇంటి డ్రైవర్లకు, గొర్రెల కాపరులకు, తోటమాలులకు ఆ మార్పు వర్తించలేదు. కొల్లాపూర్ వైపు నుంచి వచ్చిన ఒక కాపరి చలికి పగిలి నెత్తురు కారుతున్న చేతులతో ఆసుపత్రికి వచ్చినప్పుడు, తన కాగితాల్లో ఏం రాసి ఉందో అతనికి తెలియదని మావారు ఇంటికి వచ్చి చెప్పారు. నెలల జీతం రావలసి ఉండి కూడా ఎవరిని అడగాలో అతనికి తెలియలేదు. అసీర్ వ్యవహారాలు జెద్దాలోని భారత కాన్సులేట్ చూస్తుంది, భారత విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైటు అయిన మదద్ పోర్టల్‌లో ఇక్కడి నుంచి కుటుంబసభ్యులు కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఒప్పందం, వీసా, పాస్‌పోర్టు ప్రతులు ఒక సెట్టు మీ దగ్గర, మరొకటి మీ అత్తగారింట ఉంచండి.

వేసవిలో రియాద్, జెద్దాల నుంచి సౌదీ కుటుంబాలు చల్లదనం కోసం ఆ కొండలకు వస్తాయి, అప్పుడు అద్దెలు పెరుగుతాయి. అందుచేత జూన్‌కు ముందే, ఆసుపత్రికీ దుకాణాలకూ నడిచి వెళ్లగలిగే చోట ఏడాది ఒప్పందంతో ఇల్లు తీసుకోమని మీ ఆయనకు చెప్పండి.