రబ్బరుతో పేజీకి చిల్లు పడేదాకా చెరుపుతోంది

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. పాపకు ఏడేళ్లు, రెండో తరగతి. బాగా చదువుతుంది. కానీ అక్షరం కాస్త వంకర పోయినా పేజీకి చిల్లు పడేదాకా రబ్బరుతో రుద్దుతుంది, లేదా పేజీ చించేసి మొదటినుంచి రాస్తుంది. అరగంట హోంవర్క్ రాత్రి తొమ్మిదిన్నర దాకా సాగుతోంది. మొన్న డిక్టేషన్‌లో పదికి తొమ్మిది వచ్చాయని ఏడ్చి అన్నం తినలేదు. మేమెప్పుడూ కొట్టలేదు, తిట్టలేదు. ‘పర్లేదులే బంగారూ’ అంటే ఇంకా ఏడుస్తుంది. మా ఆయన ‘ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయింది?’ అని నవ్వుతూ అడుగుతారు, అంతే. జేజినాయనకైతే పాప ‘మా ఇంటి కలెక్టరమ్మ’. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, కొట్టలేదంటే నమ్ముతాను. ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఉండేది దెబ్బల భయం కాదు, మెప్పు పోతుందన్న భయం. మీవారు నవ్వుతూనే అడిగారు. కానీ ఆ తొమ్మిది మార్కుల గురించి ఎవరూ ఏమీ అడగలేదు కదా! ఇకనుంచి ‘కష్టమైన పదం ఏది? దాన్ని ఎలా గుర్తుపెట్టుకున్నావు?’ అని అడగమనండి.

1998లో అమెరికాలో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే సైకాలజిస్టులు ఐదో తరగతి పిల్లల మీద చేసిన పరిశోధనలు ప్రచురించారు. ‘నువ్వు తెలివైనదానివి’ అనే తరహా పొగడ్త విన్న పిల్లలు ఆ తర్వాత ఎక్కువగా తేలికైన పనులే ఎంచుకున్నారు. కష్టమైనవి ఇచ్చాక తడబడి, ఆ తర్వాత మామూలు వాటిలోనూ వెనకబడ్డారు. తమ మార్కులు పెంచి చెప్పుకున్నవాళ్లు కూడా వీళ్లలోనే ఎక్కువ. కష్టపడ్డందుకు మెప్పు పొందినవాళ్లు అలా కాలేదు. తెలివి అనే పేరు ఒకసారి వచ్చాక దాన్ని కాపాడుకోవడమే పిల్లలకు పని అవుతుంది.

అలాగని ‘కలెక్టరమ్మ’ అనొద్దంటూ మామగారితో గొడవ పెట్టుకోకండి, గెలవలేరు. దానికి బదులు ఆయన చిన్నప్పుడు పరీక్ష తప్పిన సంగతో, లెక్కల అయ్యవారి చేతిలో దెబ్బలు తిన్న సంగతో ఉంటే మనవరాలికి చెప్పమనండి. మీరూ సంగటి ఉండలు కట్టిన రోజు దాచకుండా ‘ఈరోజు నీళ్లు తక్కువ పోశాను’ అని మామూలుగా అని వడ్డించండి.

పాప ఏడ్చినప్పుడు ‘పర్లేదు’ అనడం తొందరపడటమే. తనకు అది చాలా పెద్ద విషయం. ‘తొమ్మిదే వచ్చాయని బాధగా ఉంది కదా’ అని పక్కన కూర్చోండి. ఏడుపు తగ్గాక తప్పిన పదాన్ని ఒక్కసారి రాయించి పుస్తకం మూసేయండి. పదిసార్లు రాయిస్తే అది శిక్షే.

రబ్బరును ఉన్నట్టుండి లాక్కోవద్దు. ముందు రఫ్ పుస్తకంలో మాత్రం రబ్బరు ఉండదని ఒప్పందం చేసుకోండి. తప్పు మీద ఒక్క గీత, పక్కన సరైన పదం. ఆ తప్పును అక్కడే ఉండనివ్వాలి. హోంవర్క్‌కు నలభై నిమిషాలు, అది దాటితే సగంలోనైనా సరే ఆపేయాలి. ఈ సంగతి టీచరుకు ముందే చెప్పండి, లేకపోతే మర్నాడు క్లాసులో తిట్లు పడి మొత్తం తారుమారవుతుంది. మొదట్లో ఏడుపు పెరుగుతుంది. అప్పుడు మీరు లొంగి ‘సరే, ఈ ఒక్కసారి చించేయ్’ అంటే, గట్టిగా ఏడిస్తే చాలని నేర్చుకుంటుంది.

కొన్ని వారాలైనా మార్పు లేకపోయినా, తనను తాను కొట్టుకుంటున్నా, బడి అనగానే రోజూ కడుపునొప్పి అంటున్నా, చేతులు కడగడం, వస్తువులు సర్దడం కూడా ‘సరిగ్గా అనిపించేదాకా’ మళ్లీ మళ్లీ చేస్తున్నా ఆలస్యం చేయకుండా కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మానసిక విభాగంలో చూపించండి. అంతకుముందే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. అక్షరాలు వంకర పోవడానికి చూపు కారణమేమో, ఒకసారి కళ్లు కూడా పరీక్ష చేయించండి.