మీ వారిని నొప్పించింది ఆ అంకె కాదు

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. ఎంవీపీ కాలనీలో ఉంటాం. ఇంట్లో పిల్లలకు ట్యూషన్లు చెబుతాను. ఆ డబ్బులో కొంత తొమ్మిదేళ్లుగా మా వారికి తెలియకుండా బ్యాంకులో వేస్తున్నాను. ఇప్పటికి 1,86,000 రూపాయలు అయ్యాయి. అందులోంచి ఒక్క రూపాయి తీయాలన్నా నాకు చేతులు రావు. నా చిన్నతనంలో అప్పులవాళ్లు గుమ్మంలో కూర్చునేవారు. నాన్న లోపలే ఉండి, లేరని నాచేత చెప్పించేవారు. అమ్మ భీమిలి దగ్గర మా ఊళ్లో డ్వాక్రా సంఘంలో ఉండేది. ఈ సంగతులన్నీ బీచ్ రోడ్డులో ఉదయపు నడకలో పరిచయమైన ఒక పెద్దావిడకు చెప్పుకున్నాను. ఆవిడ పేరు కూడా నాకు తెలియదు. రెండు వారాల కిందట ఆదివారం మా వారు నాతో వచ్చారు. ఆవిడ మంచి మనసుతోనే "మీ ఆవిడ ట్యూషన్ల డబ్బు ఎంత జాగ్రత్తగా కూడబెట్టిందో" అన్నారు. అప్పటి నుంచి ఆయన నాతో ముభావంగా ఉంటున్నారు. "ఇంటి గుట్టు దారిన పోయేవాళ్లకు చెబుతావా" అన్నారు. ఆయన తన తమ్ముడికి నెలనెలా ఎంత పంపుతారో నేను ఏనాడూ అడగలేదు. నడకకు వెళ్లడం మానేశాను. నేను చేసింది తప్పా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చివరి ప్రశ్న దగ్గర ఆగాను. రెండోసారి మాత్రం, ఒక్క రూపాయి తీయాలన్నా చేతులు రావన్న మాట దగ్గర ఆగిపోయాను. మీ వారితో వచ్చిన మనస్పర్థ రెండు వారాలది. ఇది ముప్పై ఏళ్లకు పైబడినది. ముందు దీని సంగతి చూద్దాం.

గుమ్మంలో నిలబడి "నాన్న ఇంట్లో లేరు" అని చెప్పిన పిల్లకు డబ్బు గురించి అందిన మొదటి పాఠం ఏమిటి? అబద్ధమాడి కాపాడుకోవలసిన విషయమని. ఆ పిల్ల పెద్దయి, సంపాదించి, ఒక ఖాతా తెరిచింది. మీరు దాన్ని పొదుపు అంటున్నారు. నాకు అది ఆ గుమ్మానికి మీరు లోపలి నుంచి వేసుకున్న గడియలా కనిపిస్తోంది. గడియను ఊడదీసి ఖర్చు పెట్టుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది? అందుకే చేతులు రావడం లేదు. మీలో లోపమేమీ లేదు. మన అమ్మమ్మలు పోపుల డబ్బాలో దాచుకున్నదీ ఇటువంటి ధైర్యమే.

ఇంట్లో చెప్పలేనిది ఆవిడకు ఎలా చెప్పగలిగారని మీకే ఆశ్చర్యంగా ఉండి ఉంటుంది. నాకు ఆశ్చర్యం లేదు. తెలిసినవారికి అంకె చెబితే వెంటనే దానికి తోక మొలుస్తుంది. అన్నయ్యకు చేబదులు అవసరం గుర్తొస్తుంది, అత్తగారికి ఆడపడుచు సీమంతం గుర్తొస్తుంది. ఆ పెద్దావిడకు మీ డబ్బుతో ఏ పనీ లేదు. ఆవిడకు కావలసింది మీ మాట. నా దగ్గరకు వచ్చేవారిలో దాంపత్యంలోని అతి గుట్టు విషయాలు అరగంటలో చెప్పేసినవారు కూడా, నెలకు ఇంట్లోకి ఎంత వస్తుందని అడగగానే కిటికీ వైపు చూస్తారు. గోప్యంగా ఉంచవలసిన తొమ్మిదింటిలో ఆయువును, విత్తాన్ని, ఇంటి లోపాన్ని, ఔషధాన్ని మన పెద్దలు ఒకే శ్లోకంలో చేర్చారు. ఆ మాటకు విలువ ఉంది. కానీ నొప్పి ఎక్కడో వైద్యుడి దగ్గర ఎవరూ దాచరు కదా.

మీ అమ్మగారినే తలుచుకోండి. డ్వాక్రా సమావేశంలో ఎవరి పొదుపు ఎంత, ఎవరు అప్పు తీసుకున్నారు, ఎవరి వాయిదా మిగిలింది, అన్నీ పుస్తకంలో రాసి అందరి ముందూ చెప్పుకుంటారు. ఏ ఇంట్లో బాకీ మాట వినిపిస్తే తలుపు మూసేవారో, ఆ ఇంటి ఇల్లాలే చాప మీద పదిమంది మధ్య కూర్చుని తన బాకీ తానే పైకి చెప్పింది. మీరు బీచ్ రోడ్డులో చేసినది ఆ తల్లి బిడ్డగా చేసిన పనే. తప్పు అనను.

అయితే మీ వారి బాధ అబద్ధం కాదు. దారిన పోయేవారికి తెలిసిందని కోపం అంటున్నారు గానీ, తనకంటే ముందు తెలిసిందన్నది ఆయన బాధ అని నాకు అనిపిస్తోంది. తొమ్మిదేళ్లు పక్కనే ఉన్న మనిషికి, భార్య సంగతి మరొకరి నోట, రోడ్డు మీద, నవ్వుతూ చెబితే తెలిసింది. ఆ క్షణంలో ఆయన ముఖం ఎలా ఉండి ఉంటుందో ఒక్కసారి ఊహించండి.

ఆ డబ్బు మీదే. స్త్రీ తన నైపుణ్యంతో, కష్టంతో సంపాదించినది ఆమె సంపూర్ణ ఆస్తి అని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి మీరు క్షమాపణతో మొదలుపెట్టవలసిన పని లేదు, లెక్క అప్పజెప్పవలసిన పనీ లేదు. కానీ పూర్తిగా గుట్టుగా ఉన్న ఖాతాకు ఒక ప్రమాదం ఉంది. రెండేళ్లు లావాదేవీ లేకపోతే అది పనిచేయని ఖాతా అవుతుంది. పదేళ్లు ఎవరూ అడగకపోతే ఆ సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి వెళుతుంది. తరువాత కూడా వారసులు అడిగి తీసుకోవచ్చు, కానీ ఉందని తెలిస్తేనే కదా అడిగేది. నామినీ పేరు రాయించారో లేదో ఈ వారమే చూసుకోండి.

ఆయనతో మాట్లాడేటప్పుడు అంకెతో మొదలుపెట్టకండి, గుమ్మంతో మొదలుపెట్టండి. "చిన్నప్పుడు మా ఇంటికి అప్పులవాళ్లు వచ్చేవారు, మీకు ఎప్పుడూ చెప్పలేదు" అనండి. చెప్పడం పూర్తయ్యేవరకు ఏ సలహా ఇవ్వవద్దని ముందే అడగండి. పిల్లలు ఇంట్లో ఉన్నప్పుడు వద్దు. కైలాసగిరి మీదైనా సరే, ఇద్దరే ఉండే చోటు చూసుకోండి. తమ్ముడికి పంపే డబ్బు సంగతి ఆ రోజు ఎత్తకండి. ఎత్తితే అది ఎదురుదెబ్బలా తగులుతుంది. మీరు చెప్పాక ఆయనే ఆ మాట తెస్తారని నా ఆశ. తేకపోతే పది రోజులు ఆగి, తెలుసుకోవాలని ఉందని మామూలుగా అడగండి.

ఇకపై బయటివారితో మాట్లాడేటప్పుడు ఒక్క జాగ్రత్త చాలు. భయం, సిగ్గు, కోరిక చెప్పుకోవచ్చు. ఎంత, ఏ బ్యాంకులో అన్నవి వద్దు. విన్నవెంటనే డబ్బు రెట్టింపు చేస్తామని ఎవరైనా అంటే అక్కడితో ఆపేయండి. పొరపాటున పంపి మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి. ఇంకొకటి, విశాఖలో అపరిచితులు ఎక్కువ కాలం అపరిచితులుగా ఉండరు. పదిసార్లు ఒకే బెంచీ మీద కూర్చున్నాక ఆవిడ మీకు తెలిసినవారే. మీ వారికి తెలియదన్న సంగతి ఆవిడకు చెప్పి ఉండవలసింది.

తన మాట వల్లే మీరు రావడం లేదేమోనని ఆవిడ ఈ రెండు వారాలూ బాధపడుతూ ఉండవచ్చు. రేపు ఉదయం, బీచ్ రోడ్డులో వాహనాలు వదలకముందే, వెళ్లి కనిపించండి. ఈసారి పేరు అడగండి.