తూకం వేశాకే బేరం

ప్రశ్న: 2010 నాటి కార్వెట్ జెడ్ఆర్1 స్పోర్ట్స్ కారు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో చూశాను. 34 వేల మైళ్లు తిరిగింది. కార్బన్ సెరామిక్ బ్రేకులు. డిస్కుల మందం ఏమాత్రం తగ్గలేదని, కారు ఉన్నంత కాలం ఇవే వస్తాయని అమ్మే ఆయన అంటున్నాడు. ఏడాదికి రెండుసార్లు ఆస్టిన్ రేస్ ట్రాక్‌కి తీసుకెళ్లేవాడట. డిస్కుల మీద సన్నటి పగుళ్లున్నాయి, ముందు డిస్కు అంచున చిన్న పెచ్చు ఊడింది. టెన్షన్‌గా ఉంది. కొనొచ్చా?
- ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: కొనొచ్చు. కానీ డిస్కులు తూకం వేయకుండా అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి.

మందం తగ్గలేదని ఆయన చెప్పింది నిజమే కావచ్చు. ఇనప డిస్కు అయితే అరుగుతుంది, మందం కొలిచే వెర్నియర్ పెడితే తెలిసిపోతుంది. మీరు చూసింది వేరే జాతి. కార్బన్ పీచును అచ్చులో నొక్కి కాల్చి, కరిగిన సిలికాన్‌ను అందులోకి పీల్పిస్తారు. అది కార్బన్‌తో కలిసి సిలికాన్ కార్బైడ్ అవుతుంది. అది గట్టిగా ఉంటుంది, అంత తొందరగా అరగదు. లోపలి పీచు మాత్రం ఎంతైనా బొగ్గుకు చుట్టమే. దాదాపు 500 డిగ్రీలు దాటి వేడెక్కి, గాలి కూడా తగిలితే కొద్దికొద్దిగా కాలి గాలిలో కలిసిపోతుంది. పైకి డిస్కు అలాగే ఉంటుంది, లోపల డొల్ల పడుతుంది. అందుకే ఇలాంటి చాలా డిస్కుల మధ్య భాగం మీద కనిష్ఠ బరువు గ్రాముల్లో వేసి ఉంటుంది. దుబాయ్ అల్ కూజ్ వర్క్‌షాపులో పదహారేళ్లు పనిచేశాను. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు మేం మొదట చూపించేది ఆ అంకెనే.

రోడ్డు మీద మాత్రమే తిరిగిన కారైతే ‘కారు ఉన్నంత కాలం’ అన్న మాట నమ్మొచ్చు. ట్రాక్ సంగతి వేరు. అక్కడ ప్రతి మలుపు ముందూ డిస్కు ఎర్రబడేంత వేడి పుడుతుంది. ‘ఏడాదికి రెండుసార్లే’ అనేవాళ్లను చాలామందిని చూశాను. ఆ లెక్క ఎప్పుడూ తక్కువే చెబుతారు!

నాలుగు చక్రాలూ విప్పించి డిస్కులు బయటికి తీయించండి. ఖర్చు మీరే పెట్టుకోండి, దానికి అమ్మే ఆయన ఒప్పుకోకపోతే ఆ కారు వదిలేయండి. గాలి సందుల్లో ఇరుక్కున్న రాళ్లు, చిల్లుల్లో పేరుకున్న ప్యాడ్ పొడి తీసేయాలి. తడి ఉంటే తూకం ఎక్కువ చూపిస్తుంది కాబట్టి కారు కడిగిన రోజు వద్దు. గ్రాము తేడా కూడా చూపించే త్రాసు కావాలి, బాత్రూంలో ఒళ్లు చూసుకునేది పనికిరాదు. వచ్చిన బరువూ డిస్కు మీది అంకే ఒకే ఫోటోలో పడాలి. ముందు డిస్కులు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, ఒకటి బాగా తేలికైతే కారణం అడగండి. బరువు ఆ కనిష్ఠ అంకె దాకా వచ్చేసి ఉంటే ఆ డిస్కు అయిపోయినట్టే లెక్కవేసి, కొత్తదాని ధర కనుక్కుని అంత మేరకు బేరం తగ్గించండి. వేల డాలర్ల మాట, మొహమాటపడకండి.

సన్నటి పగుళ్లకు భయం లేదు. ఎండిన చెరువు మట్టిలా గళ్లుగళ్లుగా కనిపించడం ఈ డిస్కుల సహజ రూపమే. ఒక చిల్లు నుంచి ఇంకో చిల్లుకో, అంచుకో పాకిన పగులుంటే మాత్రం వద్దు. చిల్లుల అంచులు కొరికేసినట్టున్నా, పీచు పైకి తేలి గరుకుగా తగిలినా ఆ డిస్కు బాగా కాలిందని అర్థం.

ఇక పెచ్చు. ఎంత పెచ్చు వరకు ఫరవాలేదో కంపెనీ సర్వీస్ పుస్తకంలో కొలతలుంటాయి, వాటితో సరిచూడమనండి. ఇది చాలావరకు బ్రేకు వేయడం వల్ల వచ్చేది కాదు, చక్రం తీసేటప్పుడు రిమ్ము తగిలి ఊడేది. నేనూ ఒకటి ఊడగొట్టాను. జర్మన్ కారు అది, చక్రాన్ని తగిలించడానికి హబ్ నుంచి పొడుచుకొచ్చే స్టడ్లుండవు, బోల్టులే. రెండు పొడుగాటి గైడ్ పిన్నులు బిగించుకుని వాటి మీదుగా చక్రం జరపాలి. మధ్యాహ్నం భోజనానికి వెళ్లే తొందరలో పిన్నులు పెట్టలేదు. చివరి బోల్టు రాగానే చక్రం జారి డిస్కును కొట్టింది. చింతగింజంత ముక్క నేల మీద పడింది. ఆ రోజు అన్నం తినలేదు, ఆ తర్వాత మూడు నెలలు జీతంలో కోత పడింది.