పెద్ద ట్రాన్సిస్టర్ వేసినా ఎందుకు పోతోంది?

ప్రశ్న: పర్లాకిమిడిలో రిపేర్ షాపు నడుపుతున్నాను. ఒక 12 వోల్టుల ఛార్జర్ ఎస్‌ఎంపీఎస్‌లో (స్విచ్చింగ్ పవర్ సప్లైలో) 13005 ట్రాన్సిస్టర్ షార్టయింది. కొత్తది వేస్తే రెండు రోజులకే పోయింది. ఆంప్స్ ఎక్కువ కదా అని 13009 వేశాను, బాగా వేడెక్కి అదీ పోయింది. మా వైపు సాయంత్రం 180 వోల్టులే ఉంటుంది, అర్ధరాత్రి 260 చూపిస్తుంది. ఏం వేయాలండి?
– ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: ఆంప్స్ సంగతి కాసేపు పక్కన పెట్టండి, దాన్ని చంపుతున్నది చాలావరకు వోల్టేజే. 230 వోల్టులు బ్రిడ్జి (ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్లు) దాటి పెద్ద కెపాసిటర్ మీదికి వచ్చేసరికి 325 అవుతాయి, మీ అర్ధరాత్రి 260 అయితే 367. ఒకే ట్రాన్సిస్టర్ ఉన్న ఫ్లైబ్యాక్ (ట్రాన్సిస్టర్ ఆఫ్ అయినప్పుడే ట్రాన్స్‌ఫార్మర్ శక్తిని అవతలికిచ్చే రకం) అయితే, అది ఆఫ్ అయిన క్షణంలో ట్రాన్స్‌ఫార్మర్ తిప్పికొట్టే వోల్టేజ్ ఓ వంద దాకా, దాని మీద క్షణకాలం ఎగిసే లీకేజీ స్పైక్ కూడా ట్రాన్సిస్టర్ కలెక్టర్ కాలి మీదే పడతాయి. ఆ స్పైక్‌ని మింగే స్నబ్బర్ సరిగ్గా లేకపోతే 600 దాటడం ఎంతసేపు?

డేటాషీట్‌లో 700 ఉంది కదా అంటారు. అదే షీట్‌లో 400 అని ఇంకో అంకె ఉంటుంది, చాలామంది అది చూడరు. ఆఫ్ అయ్యేటప్పుడు బేస్‌ను (ట్రాన్సిస్టర్‌ని ఆన్, ఆఫ్ చేసే కాలిని) నెగటివ్‌కి లాగి పట్టుకుంటేనే ఆ 700, బేస్ గాల్లో ఉంటే భరోసా 400కే. బేస్ దగ్గరి చిన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఎండిపోయినా, ఓ రెసిస్టర్ ఓపెన్ అయినా మీ కొత్త ట్రాన్సిస్టర్‌కి దిక్కు లేదు. 13009 కూడా ఇదే 400, 700. పైగా దాని చిప్పు పెద్దది, అదే బేస్ డ్రైవ్‌తో ఆఫ్ అవడానికి ఆలస్యం చేస్తుంది, ఆ ఆలస్యమే మీరు చూసిన వేడి.

కాబట్టి ముందు బేస్ దగ్గరి ఆ చిన్న కెపాసిటర్ మార్చేయండి, బేస్ రెసిస్టర్లు ఒక కాలు లేపి కొలవండి, ప్రైమరీ మీది స్నబ్బర్‌లో ఫాస్ట్ డయోడ్, రెసిస్టర్, కెపాసిటర్ మూడూ చూడండి. ఆ తర్వాతే ట్రాన్సిస్టర్. మీ లైన్‌కి నేనైతే బీయూటీ11ఏ వేస్తాను: 450, 1000 వోల్టులు, 5 ఆంప్స్, కాళ్ల వరుస కూడా అదే. నమ్మకమైన చోటే కొనండి, నంబరు చెరిపి మళ్లీ ముద్రించినవి చాలా తిరుగుతున్నాయి.

180కి పడినప్పుడు అదే లోడ్‌కి కరెంట్ ఎక్కువ లాగుతుంది, అందుకని హీట్‌సింక్ పేస్ట్ తప్పనిసరి. ట్రాన్సిస్టర్ వీపు రేకు కలెక్టరే, మధ్యలో మైకా ఇన్సులేటర్ లేకుండా బిగిస్తే హీట్‌సింక్ మొత్తం షాక్ కొడుతుంది. మొదటిసారి 60 వాట్ల మామూలు ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టే ఆన్ చేయండి. ఒక్కసారి వెలిగి మసకబారితే సరే, అలాగే నిండుగా వెలుగుతుంటే వెంటనే తీసేయండి, పెద్ద కెపాసిటర్‌ని రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేశాకే చెయ్యి పెట్టండి.