శిక్ష పూర్తయినా వదలరా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో కాన్సస్‌లో ఉంటాడు. పిల్లల మీద అఘాయిత్యం చేసినవాణ్ణి జైలుశిక్ష అయిపోయాక కూడా అక్కడ వదలకుండా ఉంచేస్తారట. ఒక్క నేరానికి రెండు శిక్షలు వేయొచ్చా? మన దగ్గరా అలా కుదురుతుందా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నిజమేనమ్మా. కాన్సస్ 1994లో ఈ చట్టం తెచ్చింది. 1997లో హెండ్రిక్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో దాన్ని సమర్థించింది. ఇది శిక్ష కాదు, సివిల్ నిర్బంధం, అంటే జనం భద్రత కోసం, వైద్యం కోసం ఉంచడం. శిక్షే కానప్పుడు రెండో శిక్ష అన్న మాటే రాదు అంది. వినడానికి లాయర్ల గడుసుతనంలా ఉంటుంది. కానీ ఆ కేసులో మనిషే కోర్టులో ఒప్పుకున్నాడు: టెన్షన్ ఎక్కువైతే తనను తాను ఆపుకోలేనని, చస్తే తప్ప మానతానన్న నమ్మకం లేదని.

'మళ్లీ చేస్తాడేమో' అన్న భయం ఒక్కటే చాలదు. మానసిక లోపం ఉందని, దానివల్ల తనను అదుపు చేసుకోవడం అతనికి చాలా కష్టమని చూపాలి. 2002లో క్రేన్ కేసులో కోర్టు ఇది స్పష్టం చేసింది. కాన్సస్‌లో దీన్ని సందేహానికి తావులేకుండా రుజువు చేయాలి, ఏటా సమీక్ష జరగాలి. అయితే గడువంటూ లేదు. వైద్యం అంటూనే జైల్లో ఉన్నన్నాళ్లూ వైద్యం చేయించకపోతే అది శిక్ష కాక మరేమిటని హెండ్రిక్స్ కేసులోనే జస్టిస్ బ్రేయర్ తన అసమ్మతి తీర్పులో అడిగారు. నా ఓటు ఆయనకే. మిన్నెసోటాలో ఇలాంటి కార్యక్రమం మొదలై 20 ఏళ్లు దాటినా ఒక్కరూ పూర్తిగా విడుదల కాలేదని 2015లో అక్కడి ఫెడరల్ జడ్జి తప్పుపట్టారు. ఆ తీర్పును పై కోర్టు 2017లో కొట్టేసింది.

మన దగ్గర ఈ పద్ధతి లేదు. ఉన్నది ముందస్తు నిర్బంధం, అంటే ముందు ముందు నేరం చేస్తాడేమోనని పట్టి ఉంచడం. తెలంగాణ పీడీ (ప్రివెంటివ్ డిటెన్షన్) యాక్టులో 2018 సవరణతో లైంగిక నేరస్థులనూ చేర్చారు. ఇందులో డాక్టరూ ఉండడు, ముందుగా కోర్టు విచారణా ఉండదు; అధికారి సంతకం చాలు. మూడు నెలలు దాటి ఉంచాలంటే ఆ నిర్బంధాన్ని పరిశీలించే సలహా మండలి ఒప్పుకోవాలి, ఎంత ఉంచినా 12 నెలలే. ఈ యాక్టును ఎడాపెడా వాడుతున్నారని 2023లో అమీనా బేగం కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే మందలించింది.

మీకు తెలిసినవాళ్లకెవరికైనా అలాంటి ఆర్డరు వస్తే, నిర్బంధ కారణాలను వాళ్లకు అర్థమయ్యే భాషలో ఇచ్చారో లేదో ముందు చూడండి. ఇవ్వకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ రిట్‌కు (అక్రమ నిర్బంధం నుంచి విడిపించమని వేసే పిటిషన్‌కు) అదొక్కటి ఉన్నా చాలు, బలమైన కారణమే.