బొగ్గు, పెట్రోలు వదిలి సోలార్, పవన విద్యుత్తుకు వెంటనే ఎందుకు మారలేకపోతున్నాం?

ఖర్చు ఇప్పుడు పెద్ద అడ్డంకి కాదు. చాలా దేశాల్లో కొత్త బొగ్గు ప్లాంటు కంటే కొత్త సోలార్ ప్లాంటు పెట్టడమే చవక. అసలు చిక్కు వేళలతో. సోలార్ కరెంటు మధ్యాహ్నం దండిగా వస్తుంది, వాడకం మాత్రం పొద్దుగూకాక పెరుగుతుంది. మిగులును దాచాలంటే బ్యాటరీలు కావాలి, లేదా నీటిని ఎత్తులోని రిజర్వాయరుకు పంపు చేసి, రాత్రి కిందికి వదిలి టర్బైన్లు తిప్పాలి. లిథియం అయాన్ బ్యాటరీల ధర 2010 నుంచి దాదాపు 90 శాతం పడిపోయింది కాబట్టి ఈ ముడి మెల్లగా విడుతోంది. ఇంకో చిక్కు: ఎండ, గాలి బాగా ఉన్న చోట్ల నుంచి నగరాలకు కరెంటు లైన్లు వేయడానికే ఏళ్లు పడుతోంది. దీని గురించి మనం మాట్లాడేది చాలా తక్కువ, నిజానికి తొందర పెట్టాల్సింది ఇక్కడే. ఉక్కు, సిమెంటు తయారీని, విమానాలను బొగ్గు, పెట్రోలు లాంటి ఇంధనాల నుంచి మళ్లించడం ఇంకా కష్టం. కార్ల సంగతి తేలిక: పెట్రోలు ఇంజన్ ఇంధనంలోని శక్తిలో ఎక్కువ భాగాన్ని వేడిగా పోగొడుతుంది, ఎలక్ట్రిక్ మోటారు చాలావరకు చక్రాలకే అందిస్తుంది.