కాలవ గట్టు మలుపు గురించి, సర్పంచి అయిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

స్పీడ్ బ్రేకర్లు వేయించకు. ముందా మాట చెప్పేసి, తర్వాత క్షేమసమాచారాలు అడుగుతాను. నిన్న ఫోన్లో నీ వెనకాల జనం అరుపులు నాకూ వినబడ్డాయి. రాత్రికి రాత్రే మూడు బ్రేకర్లు పోయించమంటున్నారన్నావు. గట్టు మలుపులో మోటార్ సైకిల్ మీంచి పడ్డ కుర్రాడు కాలు విరిగి కాకినాడలో మంచం మీద ఉన్నాడు, వాళ్ళ కోపం న్యాయమే. కానీ కోపం మీద తారు పోయకూడదమ్మా.

నేను పోశాను. రోడ్ల శాఖలో చేరిన కొత్తలో, బడిపిల్లను వ్యాను గుద్దిందని ఊరంతా రోడ్డు మీద బైఠాయిస్తే, వాళ్ళని లేపడానికి సాయంత్రానికల్లా రెండు దిబ్బలు పోయించాను. బోర్డు లేదు, తెల్లగీత లేదు, చేసిన పని కొలతలు రాసే ఎం-బుక్కులోకి కూడా ఎక్కలేదు. వారం తిరక్కుండా సెకండ్ షో చూసి మోపెడ్ మీద వస్తున్న మొగుడూ పెళ్ళాం దాని మీద ఎగిరిపడ్డారు. వెనక ఒక పక్కకి కూర్చున్న ఆమె కుడి మోచెయ్యి నుజ్జయింది. ఆ తర్వాత సంతలో ఎప్పుడు కనబడ్డా సంచీ ఎడంచేత్తోనే పట్టుకునేది. అది వేయించింది నేనని ఆమెకి తెలీదు. నాకు తెలుసు.

బ్రేకరుకీ ఒక లెక్కుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం 3.7 మీటర్ల వెడల్పు, నడిమధ్యన 10 సెంటీమీటర్ల ఎత్తు. అంటే గేదె వీపులా నెమ్మదిగా లేచి నెమ్మదిగా దిగాలి. 25 కిలోమీటర్ల వేగంతో వచ్చినవాడు హాయిగా దాటిపోవాలి. ముందు హెచ్చరిక బోర్డు, పైన రాత్రి మెరిసే రంగు ఉండాలి. మన ఊళ్ళలో వేసేవి మూరెడు వెడల్పు, జానెడు ఎత్తు. 108లో పడుకున్నవాడికి అది ఎంత నరకమో ఆ డ్రైవర్ని అడుగు. బడి ముందు లెక్క ప్రకారం ఒకటి వేయించు, కాదనను. మలుపులో మాత్రం వద్దు. ఒరిగి తిరుగుతున్న బండి దిబ్బెక్కితే పోయేది కాలవలోకే.

మరేం చెయ్యాలంటావా? మూడు సాయంత్రాలు ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా ఆ మలుపులో నిలబడు. ఊరికే చూడు. కుర్రాడు స్పీడుగా వెళ్ళాడని అందరూ అంటున్నారు, నిజమే కావచ్చు. కానీ మాటల్లో నువ్వు ఇంకోటన్నావు, బస్సుకి దారిచ్చి తారు దిగాడని. నాకు అక్కడ పట్టుకుంది. ఆ గట్టు మీద తారు మీద తారు వేసుకుంటూ పోయారు గానీ పక్కనుండే మట్టి మార్జిన్ ఎవరూ ఎత్తు చెయ్యలేదు. వానలకి కోసుకుపోయి అంచు దగ్గర అడుగు లోతు పడింది. దిగిన మోటార్ సైకిల్ మళ్ళీ పైకెక్కబోతే ముందు చక్రం అంచుకి రాసుకుని జారిపోతుంది. దానికి మందు బ్రేకరు కాదు, పది ట్రక్కుల గ్రావెల్ పోసి రోలరుతో తొక్కించడం. లోపలి వైపు తుమ్మకంప కొట్టిస్తే ఎదురొచ్చే బండి కనబడుతుంది. బాణం గుర్తుల బోర్డులు నాలుగు. కొబ్బరి చెట్ల మొదళ్ళకి సున్నం పట్టీలు వేసి, వాటి మీద మెరిసే టేపు చుట్టిస్తే చీకట్లో మలుపు ఎటు తిరిగిందో హెడ్‌లైటుకి తెలుస్తుంది. కాలవ వైపు ఇనప బ్యారియర్ కూడా కావాలి గానీ దానికి ఎస్టిమేటు, మంజూరు, టెండరు అయ్యేసరికి రెండు పండగలు వెళ్ళిపోతాయి. అర్జీ ఇప్పుడే పెట్టు, దాని కోసం మిగతావి ఆపకు.

ఆ అర్జీ ఎవరికి అనేదే మన డెల్టాలో పెద్ద తలనొప్పి. గట్టు ఇరిగేషన్ వాళ్ళది. దాని మీద తారు ఆర్ అండ్ బీదో పంచాయతీరాజ్‌దో. కంప కొట్టాలంటే ఒకరు, గ్రావెల్ పోయాలంటే ఇంకొకరు. విడివిడిగా వెళ్తే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు, నేనూ సర్వీసులో అదే చేశాను. ఇద్దర్నీ ఒకే రోజు మలుపు దగ్గరికి రప్పించు. దాళ్వా, అదే రెండో పంట, కోతలయ్యాక కాలవలకి నీళ్ళు కట్టేస్తారు కదా, ఆ నెల రోజులే గట్టు పనికి అదను. నీళ్ళు వదిలాక మళ్ళీ ఏడాది ఆగాలి.

వాళ్ళు వచ్చేసరికి నీ చేతిలో ఒక నోటుపుస్తకం ఉండాలి. ప్రభుత్వం బ్లాక్ స్పాట్ అనాలంటే, సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్ళలో ప్రాణం పోయినవో తీవ్ర గాయాలైనవో అయిదు ప్రమాదాలు జరగాలి, లేదా పదిమంది చనిపోవాలి. మన మలుపులో పడ్డవాళ్ళలో సగం మంది స్టేషను గడప తొక్కరు. దులుపుకుని, పసుపు అద్దుకుని ఇంటికి పోతారు. కాబట్టి కాలవ లాకు దగ్గర పనిచేసే లస్కరుకీ, టీకొట్టతనికీ చెప్పు. ఎవరు పడ్డా తారీకు, టైము, ఏ బండి, ఎటు నుంచి ఎటు, వానా మంచా చీకటా, ఇవి రాయమను. పేర్లు అక్కర్లేదు. ఆ పుస్తకంలో పేజీలు నిండితే కలెక్టరు గారి రోడ్డు భద్రతా కమిటీలో నీ మాటకి బరువొస్తుంది.

ఇంజినీరింగ్, ఎడ్యుకేషన్, ఎన్‌ఫోర్స్‌మెంట్ అని మా ట్రైనింగుల్లో బోర్డు మీద పక్కపక్కన రాసేవారు. నాకు మాత్రం వాటిలో వరస ముఖ్యం. ముందు రోడ్డు బాగుచేస్తే, తర్వాత జనానికి చెప్పే మొహం మనకుంటుంది.

చెప్పడంలో కష్టమైంది ధాన్యం. కోతలప్పుడు సగం రోడ్డు ధాన్యమే, చుట్టూ రాళ్ళూ కొబ్బరి దుంగలూ. రైతు మీద అరవకు. "కళ్ళం చూపించవమ్మా, అక్కడే పోసుకుంటాను" అంటే నీ దగ్గర జవాబుండాలి. సెలవురోజు బడి ఆవరణ, గుడి దగ్గర ఖాళీ, రైసుమిల్లు ప్లాట్‌ఫారం, ఏదుంటే అది ముందే మాట్లాడి పెట్టు. అయినా కొంత రోడ్డు మీదకి వస్తుంది. అప్పుడు రెండే షరతులు పెట్టు. మలుపులో పోయకూడదు, చీకటి పడేలోగా ఎత్తెయ్యాలి. రాళ్ళ సంగతి ప్రత్యేకంగా చెప్పు. ధాన్యం ఇంటికి పోతుంది, రాయి రోడ్డు మీదే ఉండిపోతుంది. ట్రాక్టరు ట్రక్కుల వెనక ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్లు మాత్రం బతిమాలొద్దు, నువ్వే కొని అంటించెయ్. వాటి ఖర్చు పెద్దదేం కాదు. పొగమంచులో లైటు లేని ట్రక్కు ఎంత దగ్గరకొచ్చాక కనబడుతుందో నీకు తెలుసు.

బళ్ళో ఉపన్యాసాలు వద్దు. పిల్లల్ని గ్రౌండుకి తీసుకెళ్ళి, ఒక పెద్దవాడి చేత ముప్పైలో ఓసారి, అరవైలో ఓసారి బ్రేకు వేయించి, చక్రం గీసిన గీతలు కొలిపించు. వేగం రెట్టింపయితే గీత రెట్టింపు కాదు, సుమారు నాలుగు రెట్లు. వాళ్ళ చేత్తో కొలిచింది మర్చిపోరు. తండ్రులకి మాత్రం ఇంకో లెక్క చెప్పు. పద్దెనిమిది నిండని పిల్లాడు బండి నడిపితే 25,000 జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ జరిమానా, ఆ జైలు పిల్లాడికి కాదు, తండ్రికో బండి యజమానికో.

ఇక ఎస్ఐ గారు. పగలు సెంటర్లో హెల్మెట్ చలానాలు రాస్తే జనం పక్క పుంతలోంచి పోతారు. సాయంత్రం మలుపు ముందర, పండక్కి కోడిపందాల బరులు విడిచే వేళల్లో తాగి నడిపేవాళ్ళని పట్టుకోమని అడుగు. ఆయన ఒప్పుకుంటారు. చిక్కు ఆయనతో కాదు, నీతో. మొదటి వారంలోనే మన వీధివాడు దొరుకుతాడు. వాళ్ళమ్మ నీ గుమ్మంలో కూర్చుంటుంది, మీ అమ్మ కూడా "ఒక్క ఫోను చెయ్యవే" అంటుంది. నువ్వు ఆ ఒక్క ఫోను చేశావంటే తర్వాత ఎవర్ని పట్టుకున్నా నీ పేరే చెబుతారు, ఎస్ఐ గారూ మానేస్తారు. ముందే గ్రామసభలో, మీ ఆయన తమ్ముడు ఎదురుగా ఉండగా, "నా ఇంటివాడైనా వదిలించను" అని చెప్పు. అతని పేరు ఎందుకెత్తానో నీకు తెలుసు.

ఒకటి మర్చిపోయేవాణ్ణి. టీకొట్టులో పొడుగాటి మోకు, గాలి నింపిన లారీ ట్యూబు ఒకటి పెట్టించు. బండి కాలవలో పడితే ఈతొచ్చినవాడు కూడా ఉత్త చేతుల్తో దూకొద్దు. దెబ్బ తగిలినవాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళినవాళ్ళని సాక్ష్యం అంటూ వేధించకూడదని మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షను ఉంది. కేసవుతుందని నిలబడి వీడియోలు తీసేవాళ్ళకి ఆ ముక్క చెప్పు.

ఆదివారం మీ అత్తా నేనూ వస్తున్నాం. 30 మీటర్ల టేపు ఇంకా నా దగ్గరే ఉంది, తీసుకొస్తా. ఆరింటికి మలుపు దగ్గర ఉండు. టార్చి నువ్వు తెచ్చుకో, మార్జిన్ లోతు అక్కడక్కడా కొలవాలి.

ఇట్లు,
మీ మావయ్య